పరుగు కోసం దాచుకున్న కాళ్లు

పగటి పూట సికింద్రాబాద్‌లోని కార్ఖానా మెయిన్ రోడ్డు మీద సైకిల్ తొక్కమంటే ఎవరూ తొక్కరు. జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి తిరుమలగిరి దాకా బస్సులు, ఆటోలు, కరీంనగర్ వైపు పోయే లారీలు ఒకదాన్నొకటి ఆనుకుని కదులుతుంటాయి. తెల్లవారుజామున నాలుగున్నరకు మాత్రం అదే రాజీవ్ రహదారి వేరే రోడ్డులా ఉంటుంది. పాల వ్యాన్లు, ఒకటీ అరా తొలి బస్సులు, కంటోన్మెంట్ లోపలి నుంచి పరుగు తీసే జవాన్ల బూట్ల చప్పుడు. ఆ వేళప్పుడు సీటు కింద ఎర్ర లైటు మిణుకుమంటూ నాలుగైదు సైకిళ్లు అల్వాల్, హకీంపేట దాటి శామీర్‌పేట వైపు వెళ్లడం కనిపిస్తుంది. ఎనిమిది నెలల పాటు వాటిలో నాదీ ఒకటి.

ఈత, సైకిల్, పరుగు. మూడింటినీ మధ్యలో విశ్రాంతి లేకుండా ఒకదాని వెంట ఒకటి పూర్తిచేసే పోటీ ట్రయథ్లాన్. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో చేరినప్పుడు దాని కొలత 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు. నేను సిద్ధమైంది దానికంటే పొడవైనదానికి: 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు. మొత్తం 113 కిలోమీటర్లు. మైళ్లలో చెబితే 70.3 కాబట్టి దాన్ని ఐరన్‌మ్యాన్ 70.3 అని పిలుస్తారు. మన దేశంలో ఈ పోటీ గోవాలోని మిరామార్ బీచ్‌లో 2019 అక్టోబరులో మొదలైంది. అంతకు ముందు ఈ పేరుతో జరిగే పోటీలో దిగాలంటే విదేశీ ప్రయాణం తప్పేది కాదు. ఇప్పుడు హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కినా పోవచ్చు.

ఈ పోటీ పేరు వినగానే జనానికి ఇనుప కండరాలు గుర్తొస్తాయి. నాకు తెలిసినంతలో ఇది పొదుపు విద్య. ఒంట్లో ఉన్న శక్తిని ఎనిమిది గంటలకు ఎలా పంచాలన్నదే ఇందులో అసలు నేర్పు. ఈతలో కాళ్లను దాచుకోవాలి, సైకిల్ మీదా దాచుకోవాలి, చివరికి పరుగులో వాటిని ఖర్చు పెట్టాలి.

ఐరన్‌మ్యాన్ పుట్టుక కథలోనే ఆ పాఠం ఉంది. ఈతగాడు, సైకిలిస్టు, పరుగు వీరుడు, వీళ్లలో ఎవరు గట్టివాడన్న వాదన హవాయిలో లేచింది. అమెరికా నౌకాదళ అధికారి జాన్ కాలిన్స్, ఆయన భార్య జూడీ దానికి ఒక దారి చూపారు. ఓహూ ద్వీపంలో అప్పటికే విడివిడిగా జరుగుతున్న సముద్రపు ఈత, ద్వీపం చుట్టూ సైకిల్ పోటీ, హొనొలులు మారథాన్, ఈ మూడింటినీ ఒకే రోజుకు గుదిగుచ్చారు. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, 42.2 కిలోమీటర్ల పరుగు. 1978 ఫిబ్రవరి 18న 15 మంది బయల్దేరితే 12 మంది ముగించారు. సైకిల్ దిగేసరికి ముందున్నది జాన్ డన్‌బార్. దారిలో అతని సహాయకుల దగ్గర నీళ్లు అయిపోయాయి, బీరు అందించారు. వెనక నుంచి వచ్చిన గోర్డన్ హాలర్ పరుగులో అతన్ని దాటి 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో గెలిచాడు. ఎక్కడెక్కడ ఎంత తాగాలి, ఏం తినాలి అన్న లెక్క ఈ ఆటలో నాలుగో అంకం అంటారు. ఆ మాట నిజమని మొదటి పోటీయే తేల్చింది.

ఈ ఆట మనకు పరాయిదని అనుకోనక్కర్లేదు. జనగామ దగ్గర మా ఊళ్లో పిల్లలందరికీ మోటబావే ఈత బడి. నడుముకు సొరకాయ బుర్ర కట్టి బాబాయి మెట్ల మీది నుంచి తోసేవాడు. గంటకు ఇంతని అద్దె సైకిల్ తెచ్చుకుని, సీటు అందక చట్రం మధ్యలోంచి కాలు పెట్టి కైంచి తొక్కుడు తొక్కేవాళ్లం. ఇక పరుగు ఎవరూ నేర్పకుండానే వచ్చింది. మూడు విద్యలూ పదేళ్లకే చేతిలో ఉన్నాయి. ఏళ్ల తరబడి ఉద్యోగం వాటిని మరిపించింది. నలభై మూడో ఏట ముందుగా డాక్టర్‌కు గుండె చూపించుకుని, ఆ తర్వాతే కొలనులో దిగాను. నలభై దాటినవాళ్లకు ఆ వరస తప్పనిసరి.

ఈత నేర్పింది శ్రీకాకుళం నుంచి వచ్చి ఫౌజులో పనిచేసి, ఇక్కడే స్థిరపడిన ఒక విశ్రాంత సుబేదారు. మొదటి రోజు నా ఈత చూసి ఆయన అన్న మాట: “బాబూ, నీళ్లని కొట్టకు, పట్టుకో.”

బావి ఈతలో తల పైకెత్తి ఈదుతాం. తల లేస్తే నడుము మునుగుతుంది, నడుము మునిగితే ఒళ్లు నీటికి అడ్డంగా గోడలా నిలబడుతుంది. అందుకని తలను నీళ్లలోకి దించి, చూపు కొలను అడుగున పెట్టి, ఒంటిని పొడవుగా సాచాలి. ఊపిరి పీల్చేటప్పుడు తల ఎత్తకూడదు, ఒళ్లంతా పక్కకు దొర్లుతుంటే దాంతో పాటే నోరు నీటిపైకి వస్తుంది. కొత్తవాళ్లు ఆయాసపడటానికి కారణం గాలి చాలకపోవడమనుకుంటారు. చాలాసార్లు అది లోపలి గాలి వదలకపోవడం. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ ముక్కుతో నోటితో బుడగలు వదులుతూనే ఉంటే, పైకొచ్చిన ఆ లిప్తలో పీల్చుకోవడం ఒక్కటే మిగులుతుంది. ఇది పట్టుబడటానికి నాకు ఆరు వారాలు పట్టింది. పట్టుబడిన రోజున 25 మీటర్ల కొలనులో నాలుగు పొడవులకే ఆగిపోయేవాణ్ని, ఇరవై దాకా పోయాను. 1.9 కిలోమీటర్లంటే అలాంటివి 76.

“కాళ్లు ఎందుకు మాస్టారూ, అంత మెల్లగా ఆడించమంటారు?” అని అడిగితే, “అవి నీకు తర్వాత కావాలి కదా బాబూ” అన్నారు. కాళ్ల పెద్ద కండరాలు ప్రాణవాయువును విపరీతంగా తాగుతాయి. దూరపు ఈతలో వాటి పని ఒంటిని తేల్చి ఉంచడమే. ముందుకు లాగాల్సింది భుజాలూ వీపూ.

సముద్రంలో కొలనులోలా అడుగున నల్ల గీత ఉండదు. దారి చూపేవి నీటి మీద తేలే బుంగలు మాత్రమే. ఎనిమిది, పది బారలకోసారి మొసలిలా కళ్లు మాత్రమే పైకి తేల్చి బుంగను చూసి, వెంటనే పక్కకు తిరిగి ఊపిరి తీసుకోవాలి. చూడకుండా ఈదితే 1.9 కిలోమీటర్లు రెండున్నర అవుతుంది. ముందువాడి పాదాల వెనకే ఈదితే నీటి ఒత్తిడి తగ్గి శ్రమ కలిసొస్తుంది. ఈ పోటీలో సైకిల్ మీద ఇలా వెనక నక్కడం నిషేధం, నీళ్లలో మాత్రం చెల్లుతుంది. భయం ముంచుకొస్తే వెల్లకిలా తిరిగి తేలుతూ పది ఊపిర్లు లెక్కపెట్టాలి. పడవలో ఉన్న రక్షకుడికి చెయ్యెత్తి, పడవ పట్టుకుని ఆగినా తప్పు కాదు, దాని బలంతో ముందుకు జరగకపోతే చాలు. ఒక మాట గట్టిగా చెప్పాలి. సాధన కోసం చెరువుల్లో ఒంటరిగా దిగకండి. శామీర్‌పేట చెరువు పక్కనుంచి వందసార్లు పోయాను, ఒక్కసారీ దిగలేదు.

సైకిల్ భాగం 90 కిలోమీటర్లు. కార్ఖానా నుంచి వంటిమామిడి కూరగాయల మార్కెట్ దాటి కాస్త పోయి వెనక్కి తిరిగితే దాదాపు అంతే వస్తుంది. నార్సింగి, కొల్లూరు వైపు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సౌర కప్పు సైకిల్ ట్రాక్ ఎంతో మేలైనది. కానీ మాకు అది ఊరికి ఆ చివర. మాకున్నది ఈ రహదారే.

సైకిల్ మీద కొత్తవాళ్లు చేసే తప్పు పెద్ద గేరులో బలంగా తొక్కడం. నిమిషానికి 85, 90 చుట్లు తిరిగేలా తేలిక గేరు పెట్టుకుంటే భారం కండరాల మీద తగ్గి ఊపిరి మీద పడుతుంది. ఊపిరి త్వరగా కోలుకుంటుంది, అలసిన కండరం ఆ రోజు కోలుకోదు. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత జోరు చాలు. ఎదురుగాలిలో వేగాన్ని నిలబెట్టుకోవాలన్న పట్టుదల వదిలి, అదే శ్రమతో పోనివ్వాలి. ముందు సైకిల్‌కు 12 మీటర్ల ఎడం ఉంచాలి, ఆ ఎడంలోకి దూరితే 25 సెకన్లలో దాటెయ్యాలి. లేదంటే శిక్షగా కొన్ని నిమిషాలు ఆపేస్తారు.

తిండి లెక్క సైకిల్ మీదే సరిచూసుకోవాలి, ఎందుకంటే పరుగులో కడుపు దేన్నీ ఒప్పుకోదు. ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం సుమారు 2,000 కేలరీలు. దానితో ఏడెనిమిది గంటలు గడవదు. గంటకు 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లాలి. ఒక మోస్తరు అరటిపండులో పాతిక గ్రాములుంటుంది. అరలీటరు నీళ్లలో 30 గ్రాముల చక్కెర, చిటికెడు ఉప్పు, నిమ్మరసం కలిపితే మరో 30. బజార్లో దొరికే ఖరీదైన జెల్లులు చేసే పనిలో ఎక్కువ భాగం ఇదే. పల్లీపట్టీ మంచిదే గాని నూనె గింజ, కదిలే కడుపులో నెమ్మదిగా అరుగుతుంది. చెమట లెక్కకు తక్కెడ చాలు. గంట సాధనకు ముందూ తర్వాతా తూచుకుంటే తగ్గిన ప్రతి కిలో ఒక లీటరు చెమట. ఏప్రిల్లో నాకు గంటకు లీటరు పైనే పోయేది. ఉత్త నీళ్లే అదే పనిగా తాగితే రక్తంలో ఉప్పు పలచనై ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఉప్పు ముఖ్యం. పోటీ రోజున కొత్త తిండి, కొత్త బూట్లు, కొత్త బట్టలు ఏవీ వాడకూడదు.

ఈత నుంచి సైకిల్‌కు, సైకిల్ నుంచి పరుగుకు మారే మార్పిడి గురించి రెండు మాటలే. హెల్మెట్ పట్టీ బిగించాకే సైకిల్ మీద చెయ్యి వెయ్యాలి, సైకిల్ ఎక్కడానికి గీసిన గీత దాటాకే ఎక్కాలి. ఇంటి వాకిట్లో పదిసార్లు చేసి చూసుకుంటే చాలు.

ఇక ఈ విద్యలో మూలమైన సాధన, సైకిల్ దిగీ దిగగానే పరుగు. దాన్ని ‘బ్రిక్’ అంటారు. మూడు గంటలు గుండ్రంగా తిరిగిన కాళ్లు ఒక్కసారిగా ఒంటి బరువు మోస్తూ నేలను తన్నాల్సి వస్తే మొద్దుబారినట్టుంటాయి, అడుగు మనదా కాదా అనిపిస్తుంది. మొదటిసారి శామీర్‌పేట పోయి వచ్చి, ఇంటి దగ్గర సైకిల్ పెట్టేసి విక్రంపురి సందుల్లో పరుగెత్తబోతే కిలోమీటరు కూడా సాగలేదు. వారానికోసారి చేస్తూ పోతే రెండు నెలలకు ఆ మొద్దుతనం పది నిమిషాల్లో వదిలింది. సైకిల్ చివరి ఐదు నిమిషాలు తేలిక గేరులో తిప్పాలి. పరుగు మొదటి రెండు కిలోమీటర్లు చిన్న అడుగులతో, అనుకున్నదానికంటే నెమ్మదిగా పోవాలి.

గోవాలో పోటీ రోజు ఉదయం నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. ఒంటిని తేల్చే రబ్బరు దుస్తులకు అనుమతి లేదు. విడతలుగా కొద్దికొద్దిమందిని వదులుతారు కాబట్టి తొక్కిసలాట లేదు. ఈత 58 నిమిషాల్లో అయింది. సైకిల్ మీద యాభై కిలోమీటర్ల వరకు నా లెక్కలోనే ఉన్నాను. అక్కడ నా వయసువాళ్లు నలుగురు దాటిపోతే పౌరుషం వచ్చి పది కిలోమీటర్లు వాళ్లను పట్టుకోవడానికి తొక్కాను. ఆ పది కిలోమీటర్ల ధర పరుగులో తెలిసింది. పద్నాలుగో కిలోమీటరు నుంచి తొడలు బిగుసుకుపోయాయి. నీళ్ల పందిరి వచ్చినచోటల్లా నడిచి, టోపీలో మంచు ముక్కలు వేసుకుని, మళ్లీ పరుగెత్తి, 7 గంటల 52 నిమిషాలకు గీత దాటాను. ఇచ్చిన గడువు ఎనిమిదిన్నర గంటలు. సాధనలో వేసుకున్న లెక్క 7 గంటల 25 నిమిషాలు. తేడాలో ఎక్కువ భాగం ఆ పౌరుషానిదే.

1982 ఫిబ్రవరిలో జూలీ మాస్ అనే విద్యార్థిని హవాయి పోటీలో మహిళల్లో ముందంజలో ఉండి, గీతకు కొద్ది దూరంలో కుప్పకూలింది. వెనక వచ్చిన కాథ్లీన్ మెకార్ట్‌నీ దాటిపోయింది. జూలీ పాకుతూ వెళ్లి రెండో స్థానంలో ముగించింది. టీవీలో అది చూసి వేలమంది ఈ ఆటలోకి వచ్చారు. ఆమె తెగువకు నేనూ చేతులెత్తి మొక్కుతాను. అయినా కొత్తగా దిగేవాళ్లకు దాన్ని ఆదర్శంగా చూపను. నడిచే ఓపిక మిగుల్చుకుని గీత దాటడమే నా దృష్టిలో మంచి ట్రయథ్లాన్.

దీనివల్ల ఏమొచ్చిందని ఇంట్లోవాళ్లూ అడిగారు. పతకం ఒకటి ఇచ్చారు, అది గూట్లో ఉంది. నాకు దక్కిందని నేను లెక్కేసుకునేది మరొకటి. బావిలో వదిలేసిన ఈత, అద్దె సైకిల్‌తో పోయిన తొక్కుడు, బడితో ఆగిన పరుగు తిరిగి వచ్చాయి. ఎనిమిది నెలలు పొద్దున్నే నాలుగుకు లేవడానికి రాత్రి తొమ్మిదికి పడుకున్నాను. మా అమ్మాయి నాతో పాటు కొలనుకు వచ్చి, నాకంటే ముందే తల దించి ఈదడం నేర్చింది.

మా రోడ్డు మీద జేబీఎస్ నుంచి శామీర్‌పేట దాకా 18 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్ ప్రాజెక్టుకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. వాహనాలు పైకి వెళ్లాక కింద మిగిలే రోడ్డులో సైకిల్‌కు ఒక వరుస గీయమని ఈ ప్రాంతం వాళ్లంతా అడగాలి. ఆ వరుస వచ్చేదాకా, తెల్లవారుజామున ఈ దారిలో బండి నడిపేవాళ్లకు నాదొక మనవి. ముందు ఎర్ర లైటు మిణుకుమంటే మనిషి తొక్కుతున్నాడని గుర్తించి, ఒక మీటరున్నర ఎడం ఇచ్చి దాటండి.