మిగిలింది ఎవరికి?

బోగోలు మండలం జువ్వలదిన్నెలో పడవ ఒడ్డు చేరాక డీజిలు, ఐసు ఖర్చులు పోను మిగిలినదాన్ని పడవకింత, వలకింత, మనిషికింత అని అందరి కళ్లముందే పాళ్లు వేసుకుంటారు. ఆ లెక్కకు అలవాటుపడ్డ మనిషి బీమా ఏజెంటును ముందుగా అడిగే మాట ఒకటే: "ఏమీ కాకపోతే నేను కట్టిన దుడ్లు ఎవురికి పోతాయి సార్?"

ఈ ప్రశ్నకు ఒక జవాబు ముస్లింల బీమా పద్ధతిలో ఉంది. వాళ్లు బీమాకు వెనకాడితే వడ్డీ భయమేనని తేల్చేస్తాం. వడ్డీ ఒక్కటే కాదు. కట్టేది తెలిసి, వచ్చేది తెలియని బేరం మీద కూడా వాళ్ల ధర్మశాస్త్రానికి అభ్యంతరం ఉంది. దాన్ని 'ఘరర్' అంటారు. 1985లో జెడ్డాలోని ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ వాణిజ్య బీమాను కాదని, సహకార బీమాను ఒప్పుకుంది. అదే తకాఫుల్. 1979లో సూడాన్‌లో కంపెనీ వచ్చింది, 1984లో మలేసియా చట్టం చేసింది. సభ్యులు కట్టేది ఒకరికొకరు ఇచ్చుకునే విరాళం. నడిపేవాడికి రుసుము, మిగులు సభ్యులకు.

ఇది మనకు కొత్తేమీ కాదు. చీటీపాటలో పాడుకున్నవాడు వదులుకున్న సొమ్ములో నిర్వాహకుడి కమిషన్ పోను మిగతాది సభ్యులకే పంచుతారు. 2019 సవరణ ప్రకారం ఆ కమిషన్ చీటీ మొత్తంలో 7 శాతం దాటకూడదు. చీటీని నమ్మే ఊరు బీమాను నమ్మకపోవడానికి కారణం మతంలో కాదు, ఈ పంపకంలో ఉంది.

అయితే తకాఫుల్‌ను ఆకాశానికెత్తలేను. మన తెలుగువాళ్లు పనిచేసే సౌదీలో 2003 చట్టం అన్ని బీమా కంపెనీలనూ 'సహకార' కంపెనీలే అంది. దాని నియమావళి మాత్రం మిగులులో 10 శాతమే పాలసీదారులకిచ్చి, 90 శాతం వాటాదారులకు వదిలింది. పేరు మారినా పాళ్లు మారలేదు.

మరోవైపు మత్స్య సంపద యోజన కింద ప్రమాద బీమా ఉంది. చనిపోతే 5 లక్షలు, ప్రీమియమంతా కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలదే. జాలరి ఇంటికి ఆ డబ్బు ప్రాణాధారం, దాన్ని తక్కువ చేయను. కానీ జేబులోంచి పైసా పోనివాడు మిగులు సంగతి అడగడు. తన పేరు జాబితాలో ఉందో లేదో కూడా చూసుకోడు. తకాఫుల్ సభ్యుణ్ని యజమానిగా చూస్తుంది, ఈ పథకం లబ్ధిదారుగా చూస్తుంది. నా మొగ్గు మొదటిదానికే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఉండదు, పడవలు ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేసుకునే రోజులు. ఈ పథకం కింద జువ్వలదిన్నె పేరున నిరుడు ఎంత ప్రీమియం కట్టారో, ఎన్ని ఇళ్లకు ఎంత ముట్టిందో అప్పుడు పంచాయతీ గోడమీద రాసిపెట్టాలి.