కూత పెట్టు పవర్ సప్లై: ఒక తొందరపాటు నిదానము

కంప్యూటరు పెట్టెలోనో, సెల్‌ఫోను ఛార్జరులోనో సన్నని కూత వినవచ్చినప్పుడు మరమ్మతు పాఠములు సామాన్యముగా ఒకే మాట చెప్పును: తీగచుట్ట కూయుచున్నది, వార్నీషు పోయుడు. ఇందులో కొంత నిజము లేకపోలేదు. కాని మూలుగుచున్న రోగి నోటికి గుడ్డ కట్టుటకును దీనికిని భేదము తక్కువ. ఇంగ్లీషులో స్థిరపడిన 'కాయిల్ వైన్' అను పేరే విచారణకు ముందుగా చుట్టను దోషిగా నిలబెట్టినది.

ఇట్టి సరఫరాలో ట్రాన్సిస్టరు సెకనుకు తరచుగా 50,000 మొదలు 1,50,000 పర్యాయములు స్విచ్చివలె పనిచేయుచుండును. మనుష్యుని చెవి 20,000 దాటిన కంపనములను వినజాలదు. మరి కూత ఎక్కడిది? ఈ ప్రశ్నను చాలా పాఠములు అడుగనే అడుగవు. అయస్కాంతీకరణమువలన ఇనుము పొడవు మారునని 1842లో జూల్ గుర్తించెనని చెప్పి, ఫెర్రైటు కూడ అట్లే సాగి ముడుచుకొనునని ముగింతురు. నిజమే, కాని సెకనుకు లక్షసార్లు ముడుచుకొన్నను మనకు వినబడదు గదా! 50 సైకిళ్లపై నడచు పాత ఇనుప ట్రాన్స్‌ఫార్మరు 100 సైకిళ్ల స్వరముతో గుంయిమనుటకు ఆ వివరణ చాలును. దానినే తెచ్చి ఇక్కడ అతికించుట మొదటి పొరపాటు.

వినబడు కూతకు మూలము చాలవరకు నియంత్రణలో నుండును. లోడు మిక్కిలి తక్కువైనప్పుడు నియంత్రణ చిప్పు విద్యుత్తును ఆదా చేయుటకై స్పందనములను గుంపులుగా పంపి, నడుమ విరామమిచ్చును. విడిగా ఏ స్పందనమును వినబడదు. గుంపులు సెకనుకు వెయ్యిసార్లు వచ్చినచో ఆ వరుస చెవికి చక్కగా అందును. కొన్ననాటినుండియు, ఖాళీగా నున్నప్పుడు మాత్రమే వచ్చు కూత ప్రాయికముగా ఇట్టిదే. ఇది రోగము కాదు, స్వభావము. దీనికి తయారీలో వార్నీషు, బంక వాడుట తగిన చికిత్సయే యని ఒప్పుకొందును.

ఏండ్ల తరబడి మౌనముగా పనిచేసి హఠాత్తుగా గొంతు విప్పునది వేరు జాతి. వేడికి ఎలెక్ట్రోలిటిక్ కెపాసిటరులోని ద్రవము ఆరినకొలది దాని లోపలి నిరోధము పెరుగును. దానివలన నియంత్రణ వలయము నిలకడ తప్పి ఊగులాడవచ్చును. ఆ ఊగులాటయే కూత. నా బల్లమీది కంప్యూటరు తెర ఒకటి ఇట్లే మొదలిడగా, మెకానిక్కు ట్రాన్స్‌ఫార్మరు మార్చెను. డబ్బు పోయెను, కూత పోలేదు. చివరకు ఉబ్బియున్న రెండు చిన్న కెపాసిటర్లు మార్చగా నోరు మూసెను. ఇక విడివిడిగా టిక్కు టిక్కుమని వినబడినచో, సరఫరా మొదలు కాబోయి, అధికభారము గ్రహించి ఆగి, మరల యత్నించుచున్నదని అనుమానింపవలెను. అవతల డయోడు షార్టయి యుండవచ్చును. అక్కడ వార్నీషు ఏమి చేయగలదు?

సెరామిక్ కెపాసిటర్ల సంగతి చాలామంది ఒక వాక్యములో దాటవేయుదురు. బేరియం టైటనేటుతో చేసిన రకములు వోల్టేజి మారినప్పుడెల్ల కించిత్తు సాగి ముడుచుకొనును. అవి అతుకబడిన పలక, వీణకు కుండవలె, ఆ స్వల్ప చలనమును పెద్దది చేయును. అదే విలువ, అదే వోల్టేజిగల ఫిల్ము కెపాసిటరు పెట్టగా శబ్దము తగ్గినచో చుట్ట నిర్దోషియని తేలును.

అన్నింటికంటె నన్ను కలవరపెట్టునది మరొక సలహా: మూత తీసి, కరెంటు ఉండగనే, పుల్లతో ఒక్కొక్క భాగమును నొక్కి చూడుమనుట. 230 వోల్టుల మెయిన్సును ఏకదిశ చేసినచో సుమారు 325 వోల్టులగును. ప్లగ్గు తీసినను పెద్ద కెపాసిటరు దానిని కొంతసేపు నిలుపుకొనవచ్చును. నేర్పరికి చెల్లునేమో గాని, చదివి చేయబోవు కుర్రవానికి ఇది ప్రాణాంతకము. మూత తీయకనే లోడు పెంచి తగ్గించి, కూత స్వరము ఎట్లు మారునో గమనించినచో సగము నిదానము తేలును.

వినుడనుట బాగుగనే యున్నది, ఎవరి చెవితో? 625 గీతల పాత టెలివిజను పెట్టె 15,625 సైకిళ్ల కూత పెట్టెడిది. అది పిల్లలకు వినబడి, తాతలలో పలువురికి వినబడెడిది కాదు. మరమ్మతు చేయువాడు నడివయస్సు దాటినవాడైనచో ఇంటిలోని పిల్లను పిలిచి అడుగుట మేలు. లేదా సెకనుకు 48,000 నమూనాలు తీయు సెల్‌ఫోను మైకు ముందుంచి, తెరపై స్వరపటమును చూడవచ్చును.