సరిహద్దు ఊరి మైదానం: క్రాస్‌మగ్లెన్ రేంజర్స్

ఉత్తర ఐర్లండ్‌లోని ఆర్మా కౌంటీకి దక్షిణపు అంచున, ఐర్లండ్ రిపబ్లిక్ సరిహద్దుకు అతి చేరువలో ఉన్న క్రాస్‌మగ్లెన్ సుమారు 1,600 మంది నివసించే చిన్న పట్టణం. 1887లో అక్కడ ఏర్పడిన క్రాస్‌మగ్లెన్ రేంజర్స్ అనే గేలిక్ ఫుట్‌బాల్ క్లబ్బు, 1997 నుంచి 2012 వరకు గల కాలంలో అఖిల ఐర్లండ్ క్లబ్ పోటీని ఆరుసార్లు గెలుచుకుంది. ఈ పోటీ చరిత్రలో అంతకు మించి గెలిచినది, కార్క్ నగరానికి చెంది ఏడు విజయాలు సాధించిన నీమో రేంజర్స్ ఒక్కటే. అంత చిన్న ఊరికి ఇంతటి కీర్తి ఎలా దక్కిందన్న ప్రశ్నకు జవాబును ఆటగాళ్ల ప్రతిభలో మాత్రమే వెతికితే సగమే దొరుకుతుంది. మిగిలిన సగం ఆ ఆటను నడిపే సంస్థ నియమాల్లోను, ఆ ఊరు తన మైదానం కోసం పడిన పాట్లలోను ఉంది.

గేలిక్ ఫుట్‌బాల్‌ను నడిపే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ 1884 నవంబరు 1న టిప్పరరీ కౌంటీలోని థర్లెస్ పట్టణంలో, ఒక హోటల్లో జరిగిన చిన్న సమావేశంలో పుట్టింది. క్లేర్ కౌంటీకి చెందిన ఉపాధ్యాయుడు మైఖేల్ క్యూసాక్ దానికి ప్రేరకుడు కాగా, పేరొందిన క్రీడాకారుడు మోరిస్ డేవిన్ తొలి అధ్యక్షుడయ్యాడు. ఆంగ్లేయుల పాలనలో ఆంగ్లేయుల ఆటలే గౌరవం పొందుతూ స్థానిక క్రీడలు అణగారిపోతున్నాయన్న ఆవేదన వారిని కలిపింది. అంతకుముందు ఊరికొక తీరుగా, తరచు అదుపులేని తోపులాటగా సాగిన బంతాటకు డేవిన్ 1885లో నియమాలు కూర్చాడు. జట్టుకు మొదట 21 మంది ఉండేవారు. ఆ సంఖ్య 1892లో 17కు, 1913లో 15కు తగ్గింది.

ఈనాటి ఆటను చూసే కొత్తవారికి అది సాకర్‌కూ రగ్బీకీ నడుమ ఎక్కడో ఉన్నట్టు తోచినా, దాని నైపుణ్యాలు దానికే ప్రత్యేకం. మైదానం 130 నుంచి 145 మీటర్ల పొడవు, 80 నుంచి 90 మీటర్ల వెడల్పు ఉండి సాకర్ మైదానం కంటే బాగా పెద్దది. రెండు నిలువు స్తంభాలను కలిపే అడ్డుకర్రకు కింద వల ఉంటుంది, పైన స్తంభాలు ఆకాశంలోకి సాగి ఉంటాయి. బంతి అడ్డుకర్ర కిందుగా వలలో పడితే అది గోలు, దానికి మూడు పాయింట్లు. స్తంభాల మధ్య అడ్డుకర్ర మీదుగా పోతే ఒక పాయింటు. అందుకే స్కోరును 1-12 అని రాస్తే ఒక గోలు, పన్నెండు పాయింట్లు, అంటే మొత్తం పదిహేను అని అర్థం. నలభై మీటర్ల వంపుగీత వెలుపలి నుంచి కొట్టి అడ్డుకర్ర దాటించిన బంతికి రెండు పాయింట్లు ఇచ్చే పద్ధతి 2025లో వచ్చింది. రక్షణ గోడల వెనుక మందగించిన ఆటకు దూరపు తన్నుల అందాన్ని తిరిగి తేవడం దాని ఉద్దేశం కనుక, ఆ మార్పు మెచ్చదగినదే.

బంతిని చేతిలో పట్టుకుని పరుగెత్తవచ్చు గాని నాలుగు అడుగులకు మించి వీలులేదు. ఆ లోపు దాన్ని నేలకు కొట్టి అందుకోవాలి, లేదా పాదం మీదికి జారవిడిచి కాలివేళ్లతో తిరిగి చేతిలోకి ఎగరేసుకోవాలి. ఈ రెండవదాన్ని సోలో అంటారు. వరుసగా రెండుసార్లు నేలకు కొట్టరాదు గాని సోలోకు అలాంటి పరిమితి లేదు కనుక, పూర్తి వేగంతో పరుగెత్తుతూ, తల ఎత్తి ముందున్న సహచరులను చూస్తూ, బంతిని చూడకుండానే పాదానికీ చేతికీ మధ్య తిప్పగలగడం ఆటగాడి శిక్షణకు గీటురాయి. నేలమీద ఉన్న బంతిని నేరుగా చేత్తో తీయరాదు. కాలివేళ్లను దాని కిందికి పోనిచ్చి పైకి లేపి పట్టాలి. చేత్తో అందించేటప్పుడు విసరరాదు, పిడికిలితో గాని అరచేతితో గాని స్పష్టంగా కొట్టాలి. ప్రత్యర్థిని చేతులతో పట్టి లాగకూడదు గాని భుజానికి భుజం తాకించి తోయవచ్చు. వీటన్నిటికంటే ప్రేక్షకులు ప్రేమించేది ఎత్తైన పట్టు: గోలుకీపరు మైదానం నడిమికి తన్నిన బంతి కోసం నలుగురైదుగురు ఒకేసారి ఎగిరినప్పుడు, వారి చేతుల గుంపుపైన ఒక్కడు దాన్ని రెండు చేతులా అందుకుని నేలకు దిగే క్షణానికి వృద్ధులు కూడా లేచి నిలబడతారు.

ఇంతటి నైపుణ్యాన్ని సాధించినవారికి జీతం లేదు. గేలిక్ క్రీడలు నేటికీ ఔత్సాహికుల క్రీడలే. ఎనభై రెండు వేల మంది పట్టే డబ్లిన్ క్రోక్ పార్క్ స్టేడియంలో ఆదివారం ఫైనల్ ఆడినవాడు సోమవారం బడిలో పాఠం చెప్పడమో, ఇళ్లకు కరెంటు తీగలు బిగించడమో మామూలు విషయం. దీనికి తోడు, ఆటగాడు సాధారణంగా తాను పెరిగిన పారిష్‌కు, అంటే ఒక చర్చి పరిధిలోని ఊళ్ల సముదాయానికి చెందిన క్లబ్బుకే ఆడతాడు. మరో క్లబ్బుకు మారడం అంత సులువు కాదు. ధనమిచ్చి మేటి ఆటగాడిని తెచ్చుకునే దారి మూసుకుపోయినందున, క్లబ్బు తన ఊరి పిల్లలనే మేటి ఆటగాళ్లుగా తీర్చుకోవలసి వస్తుంది. ఆటకు అసలు బలం ఈ కట్టుబాటులోనే ఉంది. అయిదారేళ్ల పిల్లలకు శనివారం ఉదయాన సోలో నేర్పేది పాతికేళ్ల కిందట అదే పచ్చికలో ఆడినవారు. గీతలు వేసేదీ, టీ కాచేదీ, నిధులు పోగుచేసేదీ వారి బంధువులు. క్రాస్‌మగ్లెన్ జట్టులో కవల సోదరులు జాన్, టోనీ మెకెంటీ ఆడడం, శిక్షకుడు జో కెర్నన్ కుమారులు తరువాతి జట్లలో నిలవడం ఈ కట్టుబాటు ఫలితాలే.

1921లో ఐర్లండ్ విభజన జరిగినా గేలిక్ సంస్థ 32 కౌంటీలనూ ఒకటిగానే పరిగణించింది. రాజకీయ సరిహద్దుకు ఆనుకుని జీవించే క్రాస్‌మగ్లెన్ జాతీయవాదులకు, తాము అవతలి ప్రజలతో ఒక్కటేనని చెప్పుకోవడానికి మిగిలిన కొద్ది వేదికల్లో క్లబ్బు ఒకటైంది. 1970ల ఆరంభంలో ఉత్తర ఐర్లండ్ ఘర్షణలు ముదిరినప్పుడు బ్రిటిష్ సైన్యం ఊళ్లో స్థావరం కట్టి, దానికి ఆనుకుని ఉన్న క్లబ్బు మైదానంలో కొంత భాగాన్ని స్వాధీనం చేసుకుంది. దక్షిణ ఆర్మా రోడ్లపై మందుపాతరల భయం వల్ల సైనికులకు సరకులు హెలికాప్టర్లలో చేరేవి. ఆట సాగుతుండగానే అవి మైదానం మీదుగా దిగుతూ లేస్తూ ఉండేవి. 1681లో లండన్‌లో ఉరితీయబడిన ఆర్మా ఆర్చిబిషప్ ఆలివర్ ప్లంకెట్ పేరు పెట్టుకున్న ఆ మైదానాన్ని వదిలి క్లబ్బు మరోచోటికి పోలేదు. కావలి బురుజుల నీడలో పిల్లలు ఎత్తైన పట్టు సాధన చేశారు. పెద్దలు ఏళ్ల తరబడి నేల కోసం పోరాడారు. ఆ ఘర్షణల్లో సైనికులు, పోలీసులు, సాయుధులు, ఏ పాపం ఎరుగని పౌరులు అనేకులు ఆ ప్రాంతంలో ప్రాణాలు కోల్పోయారన్నది ఈ చరిత్ర నుంచి విడదీయరాని విషాదం.

క్లబ్బు గొప్పతనాన్ని చెప్పేటప్పుడు దాని హద్దులనూ చెప్పడం న్యాయం. గేలిక్ క్రీడలు ఉత్తరాన ప్రధానంగా కాథలిక్ జాతీయవాద సమాజానివి. ప్రొటెస్టెంట్ పొరుగువారిలో అత్యధికులు వాటికి దూరంగానే ఉన్నారు. బ్రిటిష్ సైనికులకు, ఉత్తర ఐర్లండ్ పోలీసులకు సభ్యత్వం నిషేధించిన 21వ నియమాన్ని సంస్థ 2001లో రద్దు చేసింది. ఉత్తరాది కౌంటీల్లో చాలావాటికి అది మింగుడుపడకపోయినా, ఘర్షణలను ముగించిన శాంతి ఒప్పందం తరువాత ఆ తలుపు తెరవక తప్పలేదు. తెరవడమే సరైనది. మహిళల గేలిక్ ఫుట్‌బాల్ 1974లో వేరే సంఘంగా ఏర్పడి ఇప్పటికీ వేరుగానే నడుస్తోంది. ఒకే గొడుగు కిందికి తెచ్చే ప్రయత్నాలు సాగుతున్నాయి.

కౌంటీ విజేత ప్రావిన్సు పోటీకి, ప్రావిన్సు విజేత అఖిల ఐర్లండ్ పోటీకి పోయే క్రమంలో, క్రాస్‌మగ్లెన్ 1996 నుంచి 2008 వరకు వరుసగా 13 ఏళ్లు ఆర్మా కౌంటీ కప్పును వదల్లేదు. జో కెర్నన్ శిక్షణలో 1997, 1999, 2000 సంవత్సరాల్లో అఖిల ఐర్లండ్ కప్పు వచ్చింది. 1999 ఫైనల్లో మేయో కౌంటీకి చెందిన బలీనా స్టీఫనైట్స్‌పై తేడా ఒక్క పాయింటే, 0-9కి 0-8. కెర్నన్ ఆ తరువాత ఆర్మా కౌంటీ జట్టు బాధ్యత తీసుకున్నాడు. కౌంటీ జట్ల అఖిల ఐర్లండ్ పోటీ 2002 ఫైనల్లో కెర్రీ కౌంటీ ముందు నిలిచిన ఆర్మా జట్టులో క్రాస్‌మగ్లెన్ ఆటగాడు ఒషీన్ మెకాన్‌విల్ మొదటి అర్ధభాగంలో పెనాల్టీ పోగొట్టుకుని, రెండవ అర్ధభాగంలో గోలు చేశాడు. స్కోరు 1-12కి 0-14. అడ్డుకర్ర మీదుగా కెర్రీ రెండు పాయింట్లు ఎక్కువే సాధించినా ఆ ఒక్క గోలు ఆర్మాకు మొట్టమొదటి అఖిల ఐర్లండ్ కప్పును ఇచ్చింది.

క్లబ్బు 2007లో నాలుగోసారి జాతీయ విజేతగా నిలిచింది. ఉత్తర ఐర్లండ్‌లో బ్రిటిష్ సైనిక చర్య అధికారికంగా ముగిసినదీ ఆ ఏడాదే. 2011, 2012 విజయాల తరువాత మరో అఖిల ఐర్లండ్ కప్పు ఇంతవరకు రాలేదు, కౌంటీలోనూ ఇతర క్లబ్బులు గెలవసాగాయి. అయినా నలుపు, ముదురు పసుపు చొక్కాలు తొడుక్కునే పిల్లలు ఆ మైదానానికి వస్తూనే ఉన్నారు. 2024లో ఆర్మా కౌంటీ తన రెండవ అఖిల ఐర్లండ్ కప్పును గెలిచినప్పుడు ఆ జట్టులో క్రాస్‌మగ్లెన్ యువకుడు రియన్ ఓనీల్ ఉన్నాడు.