వరస కలవని చోటు

ఈ వారం ఆత్మకూరులో ఓ ఫ్లెక్సీ చూసి ఒళ్లు మండింది. ‘మత సామరస్య సదస్సు’ అట. ఫ్లెక్సీ తెలుగు మీద నా పాత కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. మా వీధుల్లో సామరస్యం అన్నవాళ్లెవరు? పొత్తుగా ఉండాం అంటారు, కలిసిమెలిసి ఉండాం అంటారు.

ఒక్కో జాతి ఈ మాటను తనకు తెలిసిన పనిలోంచి తీసుకుంది. గ్రీకుల హార్మోనియా వడ్రంగి మాట, పలకకు పలక అతకడం. హోమర్ కావ్యంలో ఒడిస్సియస్ తెప్ప కట్టుకునే చోట వస్తుంది. ఉర్దూ హమ్‌ఆహంగీలో ఉన్నది రాగం కలవడం. చైనా అక్షరంలో ధాన్యం గుర్తు పక్కన నోరు గుర్తు.

మాకైతే అది పిలుపులో ఉంది. దాన్నే వరస కలపడం అంటాం. చిన్నప్పుడు మా పీర్ల చావిడిలో పీరు ఎత్తే దూదేకులాయన నాకు మామ, ఆయన భార్య అత్త, కొడుకు బావ. ఇంట్లో వాళ్లూ మాట్లాడేది తెలుగే. గుండం తవ్విన నాటి నుంచి మా అమ్మ చక్కెర చదివింపులకు పోయేది, అలావ్ తొక్కేవాళ్లలో మా చిన్నాయనలు ముందుండేవాళ్లు. ముస్లిం ఇల్లు ఒక్కటీ లేని పల్లెల్లో కూడా ఈ సీమలో పీర్లు లేస్తాయి. కడపలో ఇంకా పెద్ద వరస ఉంది. బీబీ నాంచారి మా ఆడబిడ్డ అంటూ ముస్లింలు ఉగాదికి దేవుని కడప గుడికి వస్తారు. వెంకటేశ్వరుడు వాళ్లకు అల్లుడు! ఇంత బంధుత్వం ఉండగా పుస్తకాల మాట దేనికి అనే రాయబోయాను.

అదే చావిడి ముందు డప్పు కొట్టిన ముసలాయన గుర్తొచ్చి ఆగాను. డప్పు మోగందే పీరు కదిలేది కాదు. ఆయన మాదిగాయన. ఆయన్ను మామా అన్నవాళ్లు లేరు, తాతా అన్నవాళ్లు లేరు. పదేళ్ల పిల్లోడు కూడా పేరు పెట్టి ‘ఒరే’ అనేవాడు. హిందువులదీ అదే పిలుపు, ముస్లింలదీ అదే పిలుపు. మతం దాటిన వరస మాదిగవాడ దాకా పోలేదు.

వరసలో పెద్దా చిన్నా ఉంటారు, ఎవరిని కలుపుకోవాలో ఊరే తేలుస్తుంది. నేను విసుక్కున్న పుస్తకాల మాటలో ‘సమ’ ఉంది. ఆ ముసలాయనకు మా ఊరి మాటల్లో ఏదీ ఇవ్వనిది అదే. కాబట్టి సామరస్యం ఉండనీ, ఇంకా పెద్ద అక్షరాలతో రాయనీ. దాంతోపాటు వచ్చే మొహర్రానికి చావిడి దగ్గర డప్పు పట్టిన పెద్దమనిషిని పిల్లలు తాతా అని పిలవాలి. ముందు వాళ్ల నాయనలు మామా అని పిలవాలి.