గుడ్లగూబ వెనక చీకటి, రైలు వెనక ఊరు

రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాను. రెండూ నలుపు తెలుపువే, రెండూ ఫ్లాష్ వెలుగులో తీసినవే. మొదటిది 1948లో ఇంగ్లండులో ఎరిక్ హాస్కింగ్ తీసిన గుడ్లగూబ. ముక్కున వేట కరుచుకుని, రెక్కలు విప్పి, పాతకాలపు రాజముద్ర మీది బొమ్మలా ఉంటుంది. రెండోది 1956 ఆగస్టు 2 రాత్రి, అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో విన్‌స్టన్ లింక్ తీసిన 'హాట్‌షాట్ ఈస్ట్‌బౌండ్'. కార్లలో కూర్చునే సినిమా చూసే ఆరుబయలు థియేటరు అది. ముందు కారులో ఒక జంట ఆనుకుని కూర్చున్నారు. తెర మీద ఒక విమానం. ఆ పక్కనుంచి తెల్లని ఆవిరి వదులుతూ గూడ్సు బండి పోతోంది.

ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఫ్లాషే. హాస్కింగ్ వెలుగు గుడ్లగూబ దగ్గర ఆగిపోయింది. ఈక ఈకా లెక్కపెట్టుకోవచ్చు కానీ, దాని వెనక ఏ పొలం ఉందో, ఏ రైతు కొట్టం ఉందో తెలియదు. లింక్ నలభైకి పైగా బల్బులు అమర్చి, ఒక్క క్షణంలో వెలిగించి, ఆ ఊరి రాత్రినంతా పట్టుకున్నాడు. రైలు కోసం వెళ్లిన మనిషి ఫొటోలో నా కన్ను ముందు పడేది రైలు మీద కాదు, కారులోని ఆ జంట మీద.

ఇద్దరూ ఫొటోలు తీసి బతికినవాళ్లే. కానీ లింక్‌కు రైళ్లు బతుకుదెరువు కాదు. న్యూయార్క్‌లో వ్యాపార సంస్థలకు ఫొటోలు తీసి సంపాదించినది నార్‌ఫోక్ అండ్ వెస్ట్రన్ రైల్వే మీద ఖర్చుపెట్టాడు. అమెరికా పెద్ద రైల్వేల్లో చివరిదాకా ఆవిరిని వదలనిది అదే. 1955 జనవరిలో మొదలుపెట్టి, 1960లో అక్కడ ఆవిరి ఆగిపోయేదాకా తిరిగాడు. అతని ఫొటోల్లో ఏట్లో ఈదులాడే పిల్లలు, పెట్రోలు బంకు, ఇంట్లో కూర్చున్నవాళ్లు, కిటికీ అవతల ఇంజను. ఇంజన్లతో పాటు ఇంకేం పోబోతోందో అతనికి తెలుసు.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. హాట్‌షాట్ ఫొటోలో తెర మీది విమానం ఆ ఫ్లాష్‌లో పడింది కాదు. అంత వెలుగుకి తెర తెల్లగా అయిపోయింది. విడిగా తీసిన తెర బొమ్మను తర్వాత ప్రింటులో కలిపాడు. ఫొటోల్లోని మనుషుల్నీ చాలాచోట్ల తనే కూర్చోబెట్టాడు. ఆ లెక్కన చూస్తే హాస్కింగ్ గుడ్లగూబే నిఖార్సయినది. 1937లో ఒక గుడ్లగూబ గోరు తగిలి హాస్కింగ్ ఒక కన్ను పోగొట్టుకున్నాడు. అయినా గుడ్లగూబల్ని వదల్లేదు. ఆ నిష్ఠ ముందు తలవంచాల్సిందే. అయినా సరదాకొద్దీ కెమెరా పట్టినవాళ్లు ఎవరిని చూసి నేర్చుకోవాలని నన్నడిగితే లింక్‌నే చూపిస్తాను.

ఎందుకంటే మన దగ్గర పక్షుల ఫొటోలు తీసేవాళ్లంతా హాస్కింగ్ దారినే పోయారు. ఆయన దీక్ష మాత్రం అందరికీ రాలేదు, ఆయన పక్షి వెనకున్న చీకటి అందరికీ వచ్చింది. ఇప్పుడు అది చీకటి కాదు, మసక. 600 ఎం.ఎం. లెన్సు బిగించి, కన్ను షార్ప్‌గా రావాలి, వెనకంతా బ్లర్ అయిపోవాలి అన్న రెండు సూత్రాలతో తీసిన ఫొటోలు వేలకు వేలు. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువే తీసుకోండి. సర్కారు తుమ్మల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. అక్కడ అసలు వింత పక్షి కాదు. ఊరు ఒడ్డునే ఉంది, మనుషుల అలికిడి అంత దగ్గర్లో ఉంది, అయినా అవి గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుతున్నాయి. ఆ వింత ఫొటోలోకి రావాలంటే కొంగతో పాటు ఊరు కూడా కనబడాలి. మనవాళ్లు మొదట చెరిపేసేది ఊరినే. ఇళ్లు అడ్డొచ్చాయని పక్కకు జరుగుతారు, కరెంటు తీగ వచ్చిందని కంప్యూటర్లో తుడిచేస్తారు. చివరికి మిగిలిన గూడబాతు ఉప్పలపాడుదో, ఇంకో పక్షుల చెరువైన నేలపట్టుదో చెప్పలేం.

నేనూ అదే పని చేశాను. పదేళ్ల కిందట తీసిన గూడబాతుల ఫొటోలు ఈమధ్య తెరిచి చూసుకుంటే, ముప్ఫై దాకా ఉన్నవాటిలో ఏది ఏ చెరువుదో నాకే తెలియలేదు.

పులికాట్ దగ్గర ఈ నష్టం ఇంకా పెద్దది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. అటకానితిప్ప దాటుతుంటే రోడ్డుకు అటూ ఇటూ నీళ్లు, నీళ్లలో ఫ్లెమింగోలు. అదే రోడ్డు మీద రాకెట్ కేంద్రానికి ఉద్యోగుల బస్సులు పోతుంటాయి. బస్సునీ ఫ్లెమింగోనీ ఒకే ఫ్రేములో పెట్టగలిగే చోట్లు ఎక్కడో గానీ ఉండవు. కానీ నేను చూసినవన్నీ గులాబీ రెక్కలూ నీలి నీళ్లే. రోడ్డు లేదు, బస్సు లేదు.

రోళ్లపాడు సంగతి వీటన్నిటికంటే బాధ కలిగిస్తుంది. కర్నూలు సీమలోని ఆ గడ్డిబీళ్లను బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేశారు. ఇప్పుడక్కడ ఆ పిట్ట దాదాపు కనబడదు. దాని పాత ఫొటోల్లో వెనకున్న బీడంతా స్పష్టంగా కనిపించి ఉంటే, గడ్డి ఎంత ఎత్తుండేది, మంద ఎంత దూరంలో మేసేది, పైరు ఎక్కడిదాకా వచ్చింది అన్నవి ఇవాళ సాక్ష్యంగా నిలిచేవి. పిట్ట పోవడానికి కారణం పిట్టలో లేదు, ఆ వెనకున్న నేలలో ఉంది. బ్లర్ చేసింది ఆ నేలనే.

కలివికోడి దగ్గర మాత్రం నా వాదన నిలవదు, ఒప్పుకుంటాను. 1900 తర్వాత ఎవరి కంటా పడక, అంతరించిందనే అనుకున్న పిట్ట అది. 1986లో కడప జిల్లా లంకమల దగ్గర, పిట్టలు పట్టే ఒక స్థానికుడి చలవ వల్ల మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే అలాంటి పిట్టను తీసేవాడికి వెనక ఏముందో చూసే తీరిక ఉండదు. మసకబారిన ఫొటో దొరికినా నిధే.

ఇక రైలు. రైలును ఊరి నుంచి ఊడదీయలేం. పట్టాలు ఉంటాయి, స్తంభం ఉంటుంది, గేటు దగ్గర ఆగిన సైకిలు ఉంటుంది. గోదావరి దగ్గర 1900 నాటి హేవ్‌లాక్ వంతెన, 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన, 1997 నాటి ఆర్చి వంతెన ఉన్నాయి. ఆర్చి వంతెన వచ్చిన ఏడే హేవ్‌లాక్ మీద బళ్లు ఆగిపోయాయి. ఆ పాత వంతెన మీద రైలును ఎవరు ఎంత అడ్డదిడ్డంగా తీసి ఉన్నా, ఇవాళ అది రాజమండ్రి చరిత్రే. నీలిరంగు పెట్టెలదీ అదే కథ. చెన్నైలోని పెరంబూరు కర్మాగారం 2018లో ఆ పాతరకం పెట్టెల తయారీ ఆపేసింది. అంతకుముందు ఎవరో కిటికీలోంచి చెయ్యి ఊపుతున్న చెల్లెలిని తీసిన ఫొటో, అనుకోకుండానే రైల్వే చరిత్రలో చేరింది.

అలాగని రైలు వాళ్లు తప్పు చేయరని కాదు. ఇంగ్లండులో ఎరిక్ ట్రేసీ అని ఒక బిషప్ ఉండేవాడు. లివర్‌పూల్‌లో చర్చి పనిలో ఉన్నప్పుడు రైళ్ల ఫొటోలు మొదలుపెట్టి, జీవితమంతా తీశాడు. 1978లో యాపిల్‌బీ స్టేషన్లో ఆవిరి బండి కోసం వచ్చి, ప్లాట్‌ఫారం మీదే ప్రాణం విడిచాడు. అంత ప్రేమ. కానీ ఆయన ఫొటోల్లో ఎక్కువ భాగం ఎదురుగా దూసుకొచ్చే ఇంజనే, ఫ్రేము నిండా. గుడ్లగూబలాగే. మన రైలు అభిమానులకూ ఈ జబ్బుంది. ఇంజను నంబరు కనబడాలి, ఏ షెడ్డుదో తెలియాలి, లాలాగూడదా కాజీపేటదా అని చర్చ జరగాలి. గేటు కాసే మనిషి మాత్రం ఫ్రేము బయటే ఉండిపోతాడు. పైగా మంచి కోణం కోసం పట్టాల మీద నిలబడే పిల్లల్ని చూశాను. ఏ ఫొటో అంత విలువ చేయదు.

ఓపిక విషయంలో పక్షివాళ్లే మేలు. రైలుకు టైంటేబులుంది, పిట్టకు లేదు. వందేళ్లకు ముందే పక్షుల ఫొటోలు తీసిన కియర్టన్ సోదరులు, పక్షులు బెదరకుండా ఉండాలని, లోపల డొల్లగా ఉన్న ఎద్దు బొమ్మలో కెమెరాతో దాక్కున్నారు. గంటల తరబడి ఒక్కచోట కదలకుండా ఉండేవాడికి ఆ చోటు ఎలా ఉంటుందో తెలుస్తుంది. తెలిసినది ఫొటోలోకి రానివ్వకపోవడమే నా ఫిర్యాదు. రానిచ్చినవాళ్లూ లేకపోలేదు. మద్రాసులో ఉండి, స్టేట్స్‌మన్ పత్రికలో 1950 నుంచి 1996లో చనిపోయేదాకా 'కంట్రీ నోట్‌బుక్' రాసిన ఎం. కృష్ణన్ చివరిదాకా నలుపు తెలుపులోనే తీశాడు. ముక్కలు ముక్కలుగా అతికించుకున్న తన కెమెరాకు 'సూపర్ పాండెరోసా' అని పేరు పెట్టుకున్నాడు. రంగు లేకపోయినా, ఆయన జంతువుల చుట్టూ అడవి ఉంటుంది.

ఈసారి ఉప్పలపాడు వెళ్లినప్పుడు దగ్గర ఫొటోలు తీసుకున్నాక, లెన్సు మార్చి నాలుగడుగులు వెనక్కి వేయండి. కొంగ చిన్నదైపోతుంది, ఫర్వాలేదు. ఇళ్లు, గట్టు, తీగలు, గట్టు మీద నడిచే మనిషి అన్నీ రానివ్వండి. ఆ ఫొటో కింద ఊరి పేరు, తేదీ రాసి దాచండి.