తులనాత్మక న్యాయశాస్త్రం: పోలికకు కొలబద్ద ఏది?

సాహిత్య విమర్శలో మనకు బాగా తెలిసిన జబ్బు ఒకటి ఉన్నది. రెండు కావ్యాలను పక్కపక్కన పెట్టి, ఇందులో ఈ వర్ణన ఉన్నది, అందులోనూ ఉన్నది అని పట్టిక వేసి, దానికే తులనాత్మక పరిశీలన అని పేరు పెట్టటం. న్యాయశాస్త్ర బోధనకూ ఈ జబ్బు సోకే ప్రమాదం ఉన్నది. ఫ్రాన్సులో ఇట్లా, ఇంగ్లండులో అట్లా అని సెక్షన్లు అప్పగించటం చదువు కాదు.

ఒప్పందాల చట్టం ఉన్నది, నేరాల చట్టం ఉన్నది. తులనాత్మక చట్టాన్ని ఏ శాసనసభా చేయలేదు. ఇది నియమాల సముదాయం కాదు, ఒక పద్ధతి అని గటరిజ్ 1946 నాటి తన గ్రంథంలో వాదించాడు. సరైన మాటే. కాని ఆ పద్ధతి ఎవరి కోసం అని అడగకపోతే అది సగం మాటే అవుతుంది.

హెన్రీ మెయిన్ సంగతి చూడండి. న్యాయాన్ని చరిత్రలో నిలబెట్టి చూసిన ఘనత ఆయనది. 1861 నాటి ఆయన గ్రంథాన్ని ఎవరూ తోసివేయలేరు. కాని ఆయన పోలికలో భారతదేశం యూరపు ఎన్నడో దాటివచ్చిన మెట్టు మాత్రమే. 1862 నుంచి 1869 వరకు ఇక్కడి ప్రభుత్వంలో న్యాయసభ్యుడుగా ఉన్న మనిషికి ఆ కొలబద్ద సహజంగానే తోచి ఉంటుంది. పాలకుడు కొలిచేటప్పుడు పాలితుడు పొట్టివాడుగానే తేలుతాడు.

మరి ఎట్లా పోల్చాలి? సెక్షనుతో కాక, సమస్యతో మొదలుపెట్టాలి. తండ్రి ఆస్తిలో కూతురికి ఏమి దక్కుతుంది? 1804 నాటి ఫ్రెంచి పౌరస్మృతి వీలునామా లేనప్పుడు కొడుకుకూ కూతురికీ సమానవాటా ఇచ్చింది. ఇంతవరకే చదివిన విద్యార్థి చప్పట్లు కొడతాడు. అదే స్మృతి భార్య భర్తకు విధేయురాలై ఉండాలన్నది. ఆ నియమం 1938 దాకా పోలేదు. కూతురుగా పొందినదాన్ని భార్యగా ఎంతవరకు అనుభవించగలిగింది? రెండు సెక్షన్లూ కలిపి చదివితేగాని ఈ ప్రశ్న పుట్టదు.

మన దగ్గరికి రండి. 13వ శతాబ్దంలో కేతన తెలుగుచేసిన మితాక్షర ధర్మం కొడుకుకు పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది. 1956 చట్టం కూతురిని వారసురాలిని చేసినా, ఈ పుట్టుక హక్కును మగవారికే ఉంచింది. 1976లో అమలుకు వచ్చిన కేరళ చట్టం ఆ హక్కునే రద్దుచేసింది. ఆంధ్రప్రదేశ్ 1985 సవరణ దాన్ని కూతురికీ ఇచ్చింది. అప్పటికే పెళ్ళయినవారిని మాత్రం బయట నిలబెట్టింది. 2005లో దేశమంతటికీ చేసిన సవరణ ఆ తేడా తీసివేసింది. ఒక్క అన్యాయానికి రెండు మందులు: ఒకచోట గోడ కూల్చారు, మరొకచోట గోడకు తలుపు పెట్టారు. ఎందుకు అని అడగటమే తులనాత్మక న్యాయశాస్త్రం.

ఆ ప్రశ్న చట్టం పుస్తకంతో ఆగకూడదు. పసుపు కుంకుమ కింద ఇచ్చాం గదా అని చెప్పి ఆడపడుచు చేత హక్కు విడుదల పత్రంమీద సంతకం పెట్టించుకునే ఇంటి దాకా పోవాలి. పుట్టింటి గడప తనకు మూతపడుతుందన్న భయంతో ఆమె సంతకం చేస్తే, ఏ దేశపు సెక్షనుతో పోల్చి చూసినా ఆ భయం కనపడదు.

ఆ గడప దాకా విద్యార్థిని నడిపించలేని పాఠం ఎన్ని దేశాలు చుట్టివచ్చినా తరగతి గది దాటనట్టే.