తిరుగుమాట

జపాన్‌లో ఏటా డిసెంబరులో టీవీలో వచ్చే ఎం-1 గ్రాండ్ ప్రి హాస్య పోటీని తమిళనాడులోని కోవిల్‌పట్టిలో కూర్చుని ఫోన్‌లో చూస్తుంటాను. ఇద్దరు మనుషులు, మధ్యలో ఓ మైకు, నాలుగు నిమిషాలు. గెలిచిన జోడీకి కోటి యెన్లు. 2001లో మొదలైన ఈ పోటీకి 2024లో పదివేలకు పైగా జట్లు పేర్లిచ్చాయి. ముందటేడు గెలిచిన రేవా రోమన్ జోడీయే మళ్లీ గెలిచింది. వరసగా రెండుసార్లు గెలవడం అదే మొదలు.

ఈ కళ పేరు మన్‌జాయ్. ఒకడు అడ్డదిడ్డంగా మాట్లాడతాడు, రెండోవాడు నిలదీస్తాడు. పూర్వం కొత్త సంవత్సరానికి ఇల్లిల్లూ తిరిగి దీవించే జంటలు దీన్ని ఆడేవారట: ఒకరి చేతిలో విసనకర్ర, ఇంకొకరి చేతిలో చిన్న వాద్యం. మన బుర్రకథ గుర్తు రాలేదూ! అందులోనూ కథకుడు ఎంత గొప్పగా చెప్పినా, పక్కనున్న హాస్య వంత అడ్డం తగిలినప్పుడే జనం గొల్లుమంటారు.

నాకు మక్కువ ఆ అడ్డం తగిలేవాడి మీదే. జనం మనసులో ఉన్న మాటే వాడు అనాలి. ముందే అంటే జోకు చస్తుంది, ఆలస్యమైతే చప్పబడుతుంది.

కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా విరుదునగర్ వెళ్లే బస్సులో ఓసారి ఇద్దరు పెద్దాళ్లు తెలుగులో మాట్లాడుకుంటున్నారు.

"ఈ ఏడు వానొస్తే నీ బాకీ తీర్చేస్తా బావా."

ఆ బావ కాసేపు కిటికీలోంచి చూసి, "పోయినేడు కురిసిందేంది, పన్నీరా?" అన్నాడు.

బస్సంతా నవ్వింది. ఆ కాసేపు ఆగడంలోనే ఉంది విద్యంతా.

మా పక్క ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ తెలుగింటి బిడ్డ. ఈ నల్లరేగడికి వలసొచ్చిన తెలుగువాళ్ల కథను తమిళంలో రాశారు. 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ బస్సులో విన్నలాంటి పల్లె మాటతీరునే సాహిత్యం చేసిన మనిషి ఆయన.

మన టీవీ హాస్యానికి ఆ మాటతీరు మీద నమ్మకం తక్కువ. 2013లో 'జబర్దస్త్' వచ్చాక నవ్వంటే గెటప్పులు, పంచ్ మీద పంచ్ అయిపోయింది. నవ్వడానికి ప్రేక్షకుడికి ఊపిరి సలపనివ్వరు. తెలుగు ఛానెళ్లవాళ్లకు నా విన్నపం ఒకటే: వేషాలు లేని జంట హాస్యానికి ఓ పోటీ పెట్టండి. పెట్టినప్పుడు సరిహద్దు ఇవతలి మా తెలుగునూ పిలవండి.